గోదావరి గట్టు మీద సైకిల్: అన్నం తినాలా, మానాలా?

ధవళేశ్వరం బ్యారేజీ దిగి ఆత్రేయపురం, రావులపాలెం, అమలాపురం మీదుగా అంతర్వేది దాకా ఎక్కడా కొండ లేదు. వంతెనల మీద తప్ప ఎక్కుడే లేదు. అందుకే డెల్టాలో 200 కిలోమీటర్ల బ్రెవెట్ (నిర్ణీత టైములోగా ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్) తేలికని చాలామంది అనుకుంటారు. ఎక్కుడు లేని చోట దిగుడూ ఉండదు. తొక్కకుండా సైకిల్ దానంతటది పోయే సుఖం లేదు, తొమ్మిది పది గంటలు పెడల్ తిరుగుతూనే ఉండాలి. పొద్దెక్కాక సముద్రం వైపు నుంచి గాలి మొదలవుతుంది. గాలి లేనప్పుడు గంటకు 20 కిలోమీటర్ల వేగానికి 70, 80 వాట్ల శక్తి సరిపోతే, గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలిలో అదే వేగానికి 120 దాటుతాయి. మన కొండ ఆ గాలే.

ఏది మేలో ముందే చెప్పేస్తాం. బ్రెవెట్ టైములోగా, ఒంట్లో సత్తువతో ముగించాలంటే అన్నం, ఇడ్లీ, అరటిపండే మేలు. రైడ్లు లేని రెండు మూడు నెలల్లో బరువు దించుకోవాలంటే కార్బ్స్ (పిండిపదార్థాలు) తగ్గించిన తిండి పనికొస్తుంది. సగం అదీ సగం ఇదీ చేసి స్టార్ట్ లైన్ దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

లెక్క చూడండి. 70 కిలోల మనిషి కండరాల్లో 400 నుంచి 500 గ్రాములు, కాలేయంలో మరో 80 నుంచి 100 గ్రాముల గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం) ఉంటుంది. అంటే సుమారు 2000 కేలరీలు. సన్నగా ఉన్నవాడి ఒంట్లో కూడా ఏడెనిమిది కిలోల కొవ్వు, అంటే 60 వేల కేలరీల పైమాటే. గాలిని కలుపుకుంటే గంటకు దాదాపు 400 కేలరీలు ఖర్చు. అందులో సగం పిండిపదార్థాల నుంచి వస్తే గంటకు 50 గ్రాములు, పది గంటలకు 500. దారిలో ఏమీ తినకపోతే పదో గంటకల్లా గాదె దాదాపు ఖాళీ. సైక్లిస్టులు బాంక్ అనేది దీన్నే: కాళ్లు ఆడవు, చెమటలు చల్లబడతాయి, చిన్న లెక్క కూడా తెగదు.

అంత కొవ్వుండగా దాన్నే కాల్చుకోవచ్చు కదా అంటారు కీటో పక్షం వాళ్లు, అంటే పిండిపదార్థాలు దాదాపు మానేసి కొవ్వు మీద నడిచేవాళ్లు. కాల్చుకోవచ్చు. బాగా అలవాటుపడిన అల్ట్రా రన్నర్లు నిమిషానికి 1.5 గ్రాముల దాకా కొవ్వు కాల్చినట్టు 2016లో వచ్చిన అమెరికన్ అధ్యయనం చూపించింది. గంటకు 400 కేలరీలకు నిమిషానికి 0.75 గ్రాములు చాలు. కాబట్టి నెమ్మదిగా, ఒకే తీరుగా తొక్కితే కీటో మీద 200 పూర్తవుతుంది, ఆ మాటలో అబద్ధం లేదు. చిక్కు వేగం పెంచాల్సి వచ్చినప్పుడే. లీటరు ఆక్సిజన్‌కు పిండిపదార్థం దాదాపు 5 కేలరీలిస్తే కొవ్వు 4.7 ఇస్తుంది. తేడా చిన్నదే, కానీ ఎదురుగాలిలో ఊపిరి అందని వేళ ఆ చిన్నదే పెద్దదవుతుంది. స్వీడన్‌లో 1967లో చేసిన ప్రయోగంలో ఒకే తీవ్రతతో సైకిల్ తొక్కినవాళ్లు, కొవ్వు, ప్రోటీన్ మాత్రమే తిన్నాక దాదాపు 57 నిమిషాలు నిలిచారు, మామూలు భోజనం మీద 114, పిండిపదార్థాల భోజనం మీద 167. 2017లో ఆస్ట్రేలియాలో లూయీస్ బర్క్ బృందం మేటి రేస్ వాకర్లకు మూడు వారాలు మూడు రకాల తిండి పెట్టింది. కార్బ్స్ తిన్నవాళ్లు 10 కిలోమీటర్ల రేసులో 6.6 శాతం మెరుగయ్యారు. రోజును బట్టి పెంచుతూ తగ్గిస్తూ తిన్నవాళ్లు 5.3 శాతం. కొవ్వు తిన్నవాళ్లు మెరుగవలేదు, అదే వేగానికి ఎక్కువ ఆక్సిజన్ లాగారు. ఆ రెండో గుంపును గుర్తుపెట్టుకోండి, ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం తొక్కేవాళ్లకు సరిపోయేది వాళ్ల పద్ధతే.

అన్నం పక్షాన ఉన్నవాళ్లు చేయాల్సింది ఇది. ముందురోజు కిలో బరువుకు 6, 7 గ్రాముల పిండిపదార్థం: 70 కిలోలకు 420 నుంచి 490 గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాములుంటాయి, మూడు పూటలకు పంచుకుంటే పొట్ట బరువెక్కదు. ఆ రాత్రి పప్పు, వేపుడు, గోంగూర వద్దు. ఆరు గంటల స్టార్ట్‌కు నాలుగింటికే ఆరు చిన్న ఇడ్లీలు, రెండు అరటిపండ్లు. ఇడ్లీ ఒక్కొక్కటి 10 గ్రాములు, చక్కెరకేళి సుమారు 20. నెయ్యి కారప్పొడి, పల్లీ చట్నీ తగ్గించండి, కొవ్వు పొట్టలో నిలిచిపోతుంది. పెసరట్టు మంచి టిఫినే, ఈ పూటకు కాదు.

సీసాలోకి: 750 మిల్లీలీటర్ల నీళ్లు, 45 గ్రాముల పంచదార (తలగొట్టిన చిన్న చెంచాలు పది పదకొండు), పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. పేగులో రెండింటికీ వేరు వేరు దారులు కాబట్టి ఒక్క గ్లూకోజ్ కన్నా ఎక్కువ పీల్చుకుంటుంది. బెల్లం వాడితే వడకట్టాలి, లేకపోతే ఆ ఇసుక మూత నాజిల్‌లో ఇరుక్కుంటుంది. జేబులోకి పులిహోర ఉండలు: 150 గ్రాముల బియ్యం కాస్త మెత్తగా వండి, చింతపండు గుజ్జు, ఉప్పు, పసుపు, ఒక్క చెంచా నూనె తాలింపు. శనగపప్పు, పల్లీలు వద్దు. చల్లారాక గట్టిగా నొక్కి ఎనిమిది ఉండలు చేసి, వాడ్చిన అరటాకు ముక్కల్లో చుట్టండి. ఒక్కోటి 15 గ్రాములు. గంటకో సీసా, ఒక ఉండ: 60 గ్రాములు. ఆకలి వేయకముందే, మొదటి గంటలోనే మొదలుపెట్టాలి. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది, వద్దు. కొబ్బరిబోండంలో పొటాషియం బాగా ఉంటుంది కానీ చెమటలో పోయే సోడియం చాలదు, చిటికెడు ఉప్పు కలుపుకోండి. పూతరేకు టీ దగ్గర ఆగినప్పుడు తినొచ్చు. ఎదురుగాలిలోకి దిగే ముందు మాత్రం ఆ నెయ్యి బరువు.

ఇక్కడ చెడేది సాధన లేకపోవడం వల్ల. అలవాటు లేని పొట్టకు మొదటిరోజే 60 గ్రాములంటే వికారం, ఉబ్బరం ఖాయం. 30తో మొదలుపెట్టి వారానికి 10 చొప్పున పెంచండి. అరలీటరులో వంద గ్రాముల పంచదార కలిపితే అది పొట్టలోనే కూర్చుంటుంది.

కీటో పక్షానికి వస్తే, రోజుకు 50 గ్రాముల లోపు కార్బ్స్‌తో బతకడం ఇక్కడ కష్టమేమీ కాదు. గుడ్లు, చేపలు, రొయ్యలు, కొబ్బరి, నెయ్యి, ఆకుకూరలు ఉన్నాయి. ఎక్కువమంది చేసే తప్పు, అన్నం మానేసి చికెన్ మాత్రమే పెంచడం. అప్పుడు కొవ్వూ ఉండదు, పిండీ ఉండదు, మిగిలేది నీరసం. మొదటి వారంలో తగ్గే రెండు కిలోల్లో ఎక్కువ భాగం నీళ్లే: గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది పోతే నీళ్లూ పోతాయి. ఇన్సులిన్ తగ్గాక కిడ్నీలు ఉప్పును ఎక్కువగా వదిలేస్తాయి. మే నెల ఉక్కపోతలో, చెమట ఆరని మన గాలిలో, దాని మీద ఉత్త నీళ్లు తాగుతూ పోతే తలనొప్పి, తల తిరుగుడు వస్తాయి. మజ్జిగలో, చారులో ఉప్పు పెంచాలి, బీపీ ఉంటే డాక్టర్ని అడిగి. మొదటి రెండు మూడు వారాలు అదే వేగానికి గుండె వేగం పెరుగుతుంది. కనుక ఈవెంట్‌కు ఆరు వారాల లోపు ఇది మొదలుపెట్టొద్దు. కొందరిలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) బాగా పెరుగుతుంది, మొదలుపెట్టే ముందూ మూడు నెలల తర్వాతా లిపిడ్ టెస్ట్ చేయించుకోండి. ఆడవాళ్లకు నెలసరి తప్పుతుంటే తిండి చాలకపోవడం కారణం కావచ్చు, వెంటనే పెంచాలి.

షుగర్ ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా ఏదీ ప్రయత్నించొద్దు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వేసుకుంటూ కీటో చేస్తే, మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగకుండానే కీటో అసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పేరుకుపోవడం) రావచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవాళ్లకు అన్నం తగ్గించినా, ఎక్కువ తొక్కినా షుగర్ పడిపోవచ్చు.

ఉద్యోగస్తులు వారాన్ని ఇలా సర్దుకోవచ్చు. మంగళ, గురువారాల్లో తెల్లవారుజామున కాఫీ మీదే గంట, గంటన్నర, మాట్లాడుకోగలిగేంత నెమ్మదిగా. ఆ రోజుల్లో రాత్రి అన్నం ఒక కప్పుకు దించి కూర, గుడ్డు పెంచండి. బుధవారం గట్టిగా తొక్కేదుంటే ముందు ఇడ్లీ తినండి. శనివారం అన్నం పెంచాలి. ఆదివారం రైడ్ ముగించిన గంటలోపు చేపల పులుసుతో రెండు కప్పుల అన్నం. సోమవారం సైకిల్ తొక్కకపోతే మళ్లీ ఒక కప్పే.