కాష్ ఫోల్డర్‌ను బ్యాకప్‌లోంచి తప్పించాలంటే: జాబితా మేలా, గుర్తు మేలా?

పర్లాకిమిడిలో ఒక జీడిపప్పు వ్యాపారికి బిల్లుల ప్రోగ్రామ్ రాసిచ్చాను. రోజూ రాత్రి దాని బ్యాకప్ ఫోన్ హాట్‌స్పాట్ మీద సర్వర్‌కి వెళ్తుంది. ఒకరోజు పొద్దున్నే ఆయన ఫోన్ చేశారు: "బాబూ, రాత్రికి రాత్రి డేటా అంతా అయిపోయింది!" వెళ్ళి చూస్తే, పని తొందరగా అవ్వడానికి ప్రోగ్రామ్ దాచుకునే, ఎప్పుడైనా మళ్ళీ తయారుచేసుకోగల కాష్ ఫైళ్ళన్నీ బ్యాకప్‌లోకి పోయాయి.

వదిలేయాల్సిన ఫోల్డర్ల జాబితాను నేను పూర్తి దారితో సహా, అంటే పై ఫోల్డర్ల పేర్లు కూడా కలిపి, బ్యాకప్ స్క్రిప్ట్‌లో రాశాను. పై ఫోల్డర్ పేరు తెలుగులో ఉండేది. కొట్లో లెక్కలు చూసే కుర్రాడు ఒడియా బడిలో చదివాడు, తనకు వీలుగా దాన్ని ఒడియాలోకి మార్చుకున్నాడు. రెండు భాషల ఊళ్ళో అది మామూలే. పేరు మారింది, జాబితా మారలేదు.

రెండో పద్ధతి గుర్తు. పలాస వెళ్ళే పిక్కల బస్తా మీద రంగుతో గుర్తు వేస్తే, బస్తా ఏ గోడౌన్‌కి మారినా గుర్తు దానితోనే వెళ్తుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త బ్రయాన్ ఫోర్డ్ 2004లో ప్రతిపాదించిన పద్ధతి ఇలాంటిదే. కాష్ ఫోల్డర్‌లో 'కాష్‌డిర్ డాట్ ట్యాగ్' అనే చిన్న ఫైల్ పెట్టాలి. పేరొక్కటే చాలదు, ఫైల్‌లో మొదటి 43 బైట్లు నిర్ణీత సంతకంతో సరిపోవాలి. బ్యాకప్‌కి వాడే గ్నూ టార్, బోర్గ్, రెస్టిక్ ప్రోగ్రామ్‌లు దీన్ని గుర్తిస్తాయి, కానీ ఆ ఆప్షన్ మనమే ఆన్ చేయాలి. ప్రోగ్రామర్లు వాడే కార్గో (రస్ట్ భాషది), పైటెస్ట్ (పైథాన్ భాషది) అనే పనిముట్లు అయితే తమ ఫోల్డర్లలో ఈ ఫైల్‌ను వాటంతటవే పెడతాయి.

ఆ ఫైల్‌ను పెట్టే కోడ్ చేత్తో రాయాలా, లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్) వాడాలా? షెల్ స్క్రిప్ట్ అయితే ఒక్క లైను చాలు. ప్రోగ్రామ్ అయితే లైబ్రరీయే నయమంటాను. రస్ట్‌లో 'కాష్‌డిర్' అనే చిన్న లైబ్రరీ ఉంది. ఫోల్డర్‌కి గుర్తు ఉందో లేదో చూస్తుంది, లేకపోతే పెడుతుంది. నాకు బాగా నచ్చింది మరొకటి: గుర్తుతో సహా ఫోల్డర్‌ను ఒక్క దెబ్బలో తయారుచేస్తుంది. మా వైపు వానాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఫోల్డర్ పుట్టాక, గుర్తు పడేలోపు మిషన్ ఆగిపోతే ఆ ఫోల్డర్ గుర్తు లేకుండానే మిగిలిపోతుంది. చేత్తో రాసేవాళ్ళు సాధారణంగా ఈ సందు చూసుకోరు.

అయినా జాబితాను పూర్తిగా తీసేయలేదు. ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్‌కి ఈ సంతకం చూసే ఆప్షన్ లేదు. జావాస్క్రిప్ట్ లైబ్రరీలను దించే ఎన్‌పీఎం, వాటిని ఉంచే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో గుర్తు పెట్టదు. అలాంటివాటికి జాబితాయే దిక్కు, అదీ పూర్తి దారితో కాకుండా ఫోల్డర్ పేరుతో మాత్రమే రాయాలి. మన ప్రోగ్రామ్ తయారుచేసే కాష్‌కి మాత్రం గుర్తే మేలు, నాకు అనుమానం లేదు.

గుర్తుతో ఒక భయం ఉంది. కాష్‌లోని ఫైళ్ళన్నీ ఎవరైనా అసలు బిల్లుల ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే, గుర్తు కూడా అక్కడికి చేరుతుంది. ఆ రాత్రి నుంచి బిల్లులకు బ్యాకప్ ఉండదు. జాబితా తప్పితే డేటా ఖర్చవుతుంది, గుర్తు తప్పితే బిల్లులే పోతాయి. అందుకే ఆ వ్యాపారి కంప్యూటర్‌లో నెలకోసారి ఆ ఫైల్ ఎక్కడెక్కడ ఉందో వెతికి, బిల్లుల ఫోల్డర్‌లో లేదని చూసుకుంటున్నాను.