‘ఎలీట్’: మూడు సీజన్లు చూసి ఆపేయండి

నెట్‌ఫ్లిక్స్‌లో స్పానిష్ సిరీస్ ‘ఎలీట్’ 2018 అక్టోబర్‌లో మొదలై 2024 జులైలో అయిపోయింది. ఎనిమిది సీజన్లు, సీజన్‌కి ఎనిమిదేసి ఎపిసోడ్లు. అన్నీ చూశాను. మొదటి మూడూ ఇప్పటికీ అప్పుడప్పుడూ పెట్టుకుంటుంటాను. మిగతా అయిదూ ఒక్కసారి చూడ్డమే ఎక్కువైంది. ‘మనీ హైస్ట్’ సిరీస్ పిచ్చిలో ఉన్నప్పుడు, అందులో డెన్వర్, రియోలుగా వేసిన కుర్రాళ్లు ఇందులోనూ ఉన్నారని తెలిసి మొదలుపెట్టాను. మనలో చాలామంది అలాగే వచ్చుంటారు.

కథ స్పెయిన్‌లో. ఒక మామూలు స్కూలు పైకప్పు కూలిపోతుంది. అక్కడి పిల్లల్లో ముగ్గురికి, సామ్యుయెల్, నాదియా, క్రిస్టియన్‌లకి, లాస్ ఎన్సినాస్ అనే బాగా డబ్బున్నవాళ్ల ప్రైవేటు స్కూల్లో స్కాలర్‌షిప్ సీట్లు వస్తాయి. జాలిపడి ఇచ్చినవి కావు. కూలిన స్కూలు కట్టిన కంపెనీయే పరువు కాపాడుకోవడానికి పెట్టిన ఖర్చది. ఆ కంపెనీ యజమాని పిల్లలు గుజ్మాన్, మరీనా కూడా ఇదే స్కూలు. ఇక చూసుకోండి. మేనేజ్‌మెంట్ కోటావాళ్లు ఒకవైపు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌వాళ్లు ఒకవైపు కూర్చునే ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవాణ్ణి, నాకు ఆ క్లాస్‌రూమ్ గురించి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

స్కూల్లో ఒక హత్య జరుగుతుంది. పోలీసులు ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతుంటే కథ వెనక్కీ ముందుకీ నడుస్తుంది. చంపిందెవరో మొదటి సీజన్‌లోనే మనకి చూపించేస్తారు. జైలుకి పోయేది మాత్రం ఇంకొకడు, డబ్బులేనివాడు. రెండో సీజన్ నడిచేదంతా ఈ ఒక్క ముడి మీదే. హంతకుడెవరో తెలిసిపోయాక కూడా ఉత్కంఠ తగ్గకుండా రాయడం తేలిక కాదు. కార్లోస్ మోంతెరో, దారియో మద్రోనా రాశారు.

నాకు హత్యకంటే నాదియా ముఖ్యం. పాలస్తీనా నుంచి వచ్చిన కుటుంబం, వాళ్ల నాన్నది చిన్న కిరాణా కొట్టు. బడి అయ్యాక కొట్టులో పని. చేరగానే ప్రిన్సిపాల్ పిలిచి, స్కూల్లో ఉండాలంటే హిజాబ్ తీసేయాలంటుంది. నాదియా తీసేస్తుంది. సీను అంతే, పెద్ద ఉపన్యాసమేమీ ఉండదు. చదువు కావాలి కాబట్టి తీసింది, కానీ తల వంచలేదు. క్లాసులో గొప్పింటి అమ్మాయి లూ ఎంత వెటకారం చేసినా మార్కులతోనే జవాబు చెబుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఇదేదో దూరదేశం గొడవ అనుకున్నా. 2022లో ఉడుపి కాలేజీ హిజాబ్ గొడవ వార్తలు వచ్చాక మళ్లీ చూస్తే అదే సీను ఇంకోలా తగిలింది. మినా ఎల్ హమ్మానీ ఆ పాత్రని ఎక్కడా జాలిగా చెయ్యలేదు.

రెండో సీజన్‌లో వచ్చే కయెతానా కూడా గుర్తుండిపోతుంది. వాళ్లమ్మ అదే స్కూల్లో క్లీనింగ్ పని చేస్తుంటుంది. ఈ పిల్లేమో గొప్పింటి అమ్మాయినని అందరికీ చెప్పుకుని తిరుగుతుంది, అమ్మ తుడిచే ఇంటిని తన ఇల్లుగా చూపిస్తుంది. అమ్మ ఎదురైన ప్రతిసారీ ఆ పిల్ల మొహం చూడండి. మూడో సీజన్ చివర్లో వీళ్లందరూ ఒక నిర్ణయం తీసుకుంటారు, అదేంటో చెప్పను. ఉన్నవాడూ లేనివాడూ ఒకే తప్పులో వేలు పెట్టడం అక్కడ చూపించినంత బాగా ఇంకెక్కడా చూపించలేదు. సగంమంది పాత్రలు ఆ సీజన్‌తోనే వెళ్లిపోయారు, వెళ్లాల్సినప్పుడే వెళ్లారు.

నాలుగో సీజన్‌కి కొత్త ప్రిన్సిపాల్, ఆయన ముగ్గురు పిల్లలు, ఒక యువరాజు దిగుతారు. అంతే, స్కాలర్‌షిప్ గొడవ మూలకి పోయింది. ఫీజు గురించి గానీ పరీక్షల గురించి గానీ పెద్దగా మాట్లాడేవాడు ఉండడు. పార్టీ, కొలను, శవం, మళ్లీ పార్టీ. పాత దోసెపిండికి నీళ్లు కలుపుతూ పోయినట్టు సీజన్ సీజన్‌కీ పలచబడింది. ఎనిమిదో సీజన్‌లో నాదియా తిరిగొస్తుందని విని పట్టుబట్టి చూశాను. తన తోడబుట్టిన ఓమర్ కోసం వచ్చింది గానీ, తనకి చెయ్యడానికి పనేమీ ఇవ్వలేదు. ఒళ్లు మండింది.

2023లో దీన్నే ఢిల్లీకి తెచ్చి ‘క్లాస్’ అని హిందీలో తీశారు, దర్శకుడు ఆషిమ్ అహ్లూవాలియా. సామ్యుయెల్ స్థానంలో ధీరజ్ కుమార్ వాల్మీకి, నాదియా స్థానంలో కశ్మీరీ అమ్మాయి సబా. డబ్బుతోపాటు కులం కూడా బెంచీల మధ్యకి వచ్చింది. కొన్నిచోట్ల అసలుదానికన్నా గట్టిగా ఉంది, నటన మాత్రం అంతంతమాత్రం. మూడు సీజన్లయ్యాక ఇంకా ఆకలుంటే నాలుగోది కాకుండా ఇది పెట్టుకోండి.

ఆడియో స్పానిష్‌లోనే ఉంచుకోండి. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో లూ నోటి దురుసంతా చప్పబడిపోతుంది. లూగా వేసిన దానా పావోలా మెక్సికో అమ్మాయి, ఆ యాస మిగతా పిల్లల యాసకి వేరుగా వినిపిస్తుంది, భాష రాకపోయినా తెలుస్తుంది. ఇంకో మాట, స్కూలు కథ కదా అని టెన్త్ చదివే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి. మొదటి ఎపిసోడ్‌లోనే రిమోట్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.