బీఎస్6 పద్నాలుగు టైర్ల బండి, వైజాగ్-రాయపూర్ లైన్లో వాడాక నా మాట

బీఎస్6 (పొగ పరిమితుల ప్రమాణం, బీఎస్4 తర్వాతది) బండి తీసుకుంటే మైలేజీ పడిపోద్ది, యాడ్‌బ్లూ (పొగ శుద్ధికి వేరే ట్యాంకులో పోసే యూరియా నీళ్లు) ఖర్చు కిరాయిని తినేస్తది అని గాజువాక ఆటోనగర్లో తెగ భయపెట్టారు. పోర్టు నుంచి రాయపూర్‌కి బొగ్గు, వచ్చేటప్పుడు బియ్యమో ఇనుమో, మధ్యలో సాలూరు ఘాట్, కేశ్‌కాల్ ఘాట్ రెండూ ఎక్కి దిగాలి, అలాంటి లైన్లో ఏళ్ల తరబడి తిప్పి చెప్తున్నా, మా పాత బీఎస్4 బండి కంటే తక్కువేం ఇవ్వట్లేదు. ఫుల్ లోడు మీద లీటరుకి మూడు కిలోమీటర్ల పైన, డ్రైవర్ మంచోడైతే మూడున్నర.

డ్రైవర్ అని ఎందుకంటున్నానంటే, మా వాడికి ఘాట్ దిగుడులో న్యూట్రల్ కొట్టే అలవాటు. "దిగుడే కదండీ, డీజిల్ మిగుల్తాది" అంటాడు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ ఇంజెక్షన్ పూర్తిగా ఆగిపోద్ది, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి, అదే న్యూట్రల్లో పడేస్తే ఇంజన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటది, పైగా ఎగ్జాస్ట్ బ్రేకుకి (ఇంజన్ పొగని అడ్డుకుని బండి వేగం తగ్గించేది) పట్టుండదు, బ్రేకు లైనర్లు కాలిపోతాయి. వాడు మానేశాక బిల్లులోనే తేడా కనపడింది. ప్లెయిన్ రోడ్డు మీద 60 దాటకుండా, ఇంజన్ ఆర్‌పీఎం మీటరు ముల్లు గ్రీన్ బ్యాండులో (ఆకుపచ్చ గీత మధ్య) ఉంచి నడిపితే ఇంకా మిగుల్తది.

యాడ్‌బ్లూ 100 లీటర్ల డీజిల్‌కి సుమారు 5 లీటర్లు పడుతుంది. అందులో ఉండేది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు, సైలెన్సర్లో వేడికి అది అమ్మోనియా అయి నైట్రోజన్ ఆక్సైడ్లని మామూలు నైట్రోజన్, నీళ్లుగా మార్చేస్తది. ఈ నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితే బీఎస్4లో 3.5 గ్రాములు ఉండేది, బీఎస్6లో 0.4కి దించారు (కిలోవాట్ అవర్‌కి), యాడ్‌బ్లూ లేకుండా కుదరదు. ఇక్కడే కొందరు తెలివి చూపిస్తారు, ఎరువుల కొట్లో యూరియా బస్తా తెచ్చి బోరు నీళ్లలో కలిపి పోస్తారు. అయ్యా, ఆ యూరియాకి వేపనూనె పూత ఉంటది, బోరు నీళ్లలో ఉప్పు ఉంటది, రెండూ కలిసి యాడ్‌బ్లూ చల్లే డోసింగ్ ఇంజెక్టర్ని మూసేస్తాయి, సైలెన్సర్లో పొగ శుద్ధి చేసే క్యాటలిస్ట్ పాడవుద్ది, బండి పికప్ దానంతటదే తగ్గించేసుకుంటది, నిండు లోడుతో ఘాట్ మధ్యలో అలా అయితే దేవుడే దిక్కు. డబ్బా ఎండలో నెలల తరబడి పెట్టినా సరుకు పాడవుద్ది.

నాకు నచ్చనిది డీపీఎఫ్, అంటే పొగలో మసి పట్టే ఫిల్టర్. హైవే మీద పరిగెడితే పైపు వేడికి మసి అదే కాలిపోద్ది, గొడవ లేదు. పోర్టు క్యూలో ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకుంటే మాత్రం మసి పేరుకుని లైటు వెలుగుద్ది, బండి పక్కన పెట్టి రీజెన్ (ఆ మసిని కాల్చేయడం) చెయ్యాలి, ఉత్తినే డీజిల్ కాలుద్ది.

ఖాళీగా వచ్చేటప్పుడు లిఫ్ట్ యాక్సిల్ (లోడు లేనప్పుడు రోడ్డు నుంచి పైకి లేపే చక్రాల జత) ఎత్తమని డ్రైవర్‌కి చెప్పండి, చాలామంది బద్ధకించి దించే నడుపుతారు, టైర్లూ అరుగుతాయి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించాలి, పది పౌండ్లు తగ్గినా బండి బరువుగా లాగుద్ది. పట్టా బిగించి కట్టకపోతే గాలికి కొట్టుకుని అదో ఖర్చు.

లాంగ్ రూట్లకైతే ఈ బండి ధైర్యంగా తీసుకోవచ్చు, నేనైతే రెండోది చూస్తున్నా. ఊళ్లో ఇసుక, కంకర కిరాయిలకి, రోజుకి పది కిలోమీటర్లు తిరిగి గంటలు గంటలు ఐడిలింగ్‌లో ఉంచే పనికి మాత్రం వద్దు, డీపీఎఫ్‌తో విసిగిపోతారు.