డెవ్ మెమ్‌తోనా, యూఐఓతోనా?

చిత్తూరు దగ్గర మామిడితోటలో డ్రిప్ మోటారు నడిపే లినక్స్ బోర్డుకి ప్రోగ్రాం రాస్తూ హార్డ్‌వేర్‌ని నేరుగా తాకే ఈ రెండు దారులూ తొక్కాను. డెవ్ మెమ్ (/dev/mem) అంటే బోర్డు మెమరీ చిరునామాలన్నిటినీ ఒక ఫైల్‌లా చూపించేది. యూఐఓ (యూజర్‌స్పేస్ ఐ/ఓ) అంటే ఒక్క పరికరాన్ని మాత్రమే మామూలు ప్రోగ్రాంకి అప్పగించే లినక్స్ కెర్నెల్ ఏర్పాటు. తోటలో వదిలేసి వచ్చే బోర్డుకైతే నా ఓటు యూఐఓకే.

డెవ్ మెమ్ మొదట్లో ముద్దొస్తుంది. ఫైల్ తెరిచి, డేటాషీట్‌లోని రిజిస్టర్ (పరికరాన్ని నడిపే గడి) చిరునామాని ఎమ్‌మ్యాప్ చేసి, అంటే ప్రోగ్రాం మెమరీలోకి తెచ్చుకుని, వోలటైల్ పాయింటర్‌తో (కంపైలర్ ఏ రాతనీ దాటేయకుండా చూసేది) రాయడమే. పది లైన్లకే మోటారు స్విచ్చయిన రిలే టక్కుమంది. కానీ ఎమ్‌మ్యాప్‌కి ఇచ్చే చిరునామా పేజీ (కెర్నెల్ మెమరీని పంచే ముక్క) హద్దు మీదే ఉండాలి, అంటే మామూలుగా 4096 గుణిజం. నేను రిజిస్టర్ చిరునామా నేరుగా ఇచ్చేసి, ‘ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్’ చూసుకుంటూ ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. పైగా రూట్ అధికారం కావాలి. ఒక్క అంకె తప్పితే పక్క పరికరం రిజిస్టర్ మీద రాసేస్తాం, ఆపేవాళ్ళుండరు. రాస్ప్‌బెర్రీ పై 3 నుంచి 4కి మారితే జీపీఐఓ (బోర్డు పిన్నుల) చిరునామానే మారిపోతుంది.

యూఐఓ 2007లో 2.6.23 కెర్నెల్‌తో వచ్చింది. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ పరికరాలున్నాయో కెర్నెల్‌కి చెప్పే పట్టిక) ఎంట్రీ రాయడం చిరాకే, ఒప్పుకుంటాను. అయితే ప్రోగ్రాంకి ఆ పరికరం ఉన్న పేజీలే అందుతాయి. ఫైల్ పర్మిషన్ ఇస్తే సుడోతో రూట్‌గా నడపక్కర్లేదు.

అసలు తేడా ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) దగ్గరుంది. నీటి మీటరు పల్సు కోసం డెవ్ మెమ్‌లో లూప్ తిప్పుతూనే ఉండాలి. యూఐఓలో రీడ్ పిలిస్తే ఇంటరప్ట్ వచ్చేదాకా ప్రోగ్రాం నిద్రపోతుంది, వచ్చాక రీడ్ ఇంటరప్ట్‌ల లెక్కని 4 బైట్లలో చేతికిస్తుంది. తర్వాత అదే ఫైల్‌కి 1 రాసి ఇంటరప్ట్‌ని మళ్ళీ ఎనేబుల్ చేయాలి. నేను మరిచిపోయాను, రెండో పల్సు రానేలేదు.

ఊరికే ఎల్ఈడీ వెలిగించాలంటే మాత్రం రెండూ వద్దు, కెర్నెల్ జీపీఐఓ డ్రైవర్ చాలు.