ఎత్తిపొడుపు శుభాకాంక్షలు: గ్రూపులో పెట్టాలా, ఎదురుగా చెప్పాలా?

సెలవులకు ముందు సహోద్యోగులకు ఓ చురక వేయాలనిపిస్తే దారులు రెండు. ఆఫీసు గ్రూపులో మెసేజ్ పెట్టడం, లేదా మనిషి ముందే అనేయడం.

గ్రూపులో పెడితే శ్రమ తక్కువ, చిక్కు ఎక్కువ. గొంతులోని విరుపు అక్షరాల్లో దిగదు. 2005లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం చేసిన అధ్యయనంలో తేలిందీ అదే: ఈమెయిల్ రాసినవాళ్లు తమ వ్యంగ్యం అవతలివాళ్లకు ఇట్టే అర్థమవుతుందని అతిగా నమ్ముకున్నారు. పైగా మెసేజ్‌కు స్క్రీన్‌షాట్ ఉంటుంది, బాసు కూడా అదే గ్రూపులో ఉంటాడు. కాబట్టి అక్కడ చురక పని మీదే పడాలి: "హాయిగా సెలవులు గడపండి. మెయిల్స్ ఎక్కడికీ పోవు, పిల్లల్ని కని మరీ ఎదురుచూస్తుంటాయి!" దీనికి ఎవరూ నొచ్చుకోరు, బాసు కూడా ఓ నవ్వు బొమ్మ పెడతాడు (అది నవ్వో కాదో మనకనవసరం).

ఎదురుగా అయితే కాస్త చనువు తీసుకోవచ్చు. "మీరు సెలవులో ఉంటే మీటింగ్ టైముకే అయిపోతుందేమోనండీ, భయంగా ఉంది" అన్నామనుకోండి, మొహం చిన్నబోతే అక్కడికక్కడే సర్దుకోవచ్చు. కొత్తగా చేరినవాళ్ల మీద మాత్రం వద్దు.

నా ఓటు ఎదురుగా చెప్పడానికే.