పోత ఇనుము వాఫుల్ పెనం: నాలుగేళ్ల వాడకం తరువాత

ఈ పెనాన్ని నేను ఇష్టపడడానికి కారణం ఒక్కటే: ఇది తిరుగుతుంది. పొయ్యి మీద కూర్చునే ఇనుప వలయంలో గుండ్రని కీలు ఆధారంగా నిలిచే ఈ జంట పలకలలో పిండి పోసి మూసి, వెంటనే పిడి పట్టుకొని తిరగేస్తే, కింద చేరిన పిండి జారి రెండవ పలక గళ్ళలోకి కూడా మూలమూలలా నిండుతుంది. అంతకు ముందు నేను వాడిన కరెంటు యంత్రంలో వాఫుల్ అడుగున ఎర్రగా, పైన పాలిపోయి వచ్చేది. ఉత్తర ఫ్రాన్సులోని లీల్‌లో స్థిరపడిన నాకు, ఇక్కడివారు ‘గోఫ్ర్’ అని పిలిచే ఈ తీపి వంటకం రెండు వైపులా ఒకే రంగులో ఇంట్లో మొదటిసారి వచ్చిన రోజు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

నేను కలిపే పిండి మామూలుదే: 250 గ్రాముల మైదా, 400 మిల్లీలీటర్ల పాలు, మూడు గుడ్లు, 100 గ్రాముల కరిగించిన వెన్న, కొద్దిగా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. గుడ్ల తెల్లసొనను విడిగా నురగ వచ్చేలా గిలకొట్టి చివరలో కలుపుతాను. చక్కెర మాత్రం రెండు చెంచాలు మించనివ్వను, ఎందుకంటే పిండిలో తీపి ఎక్కువైతే అది పాకమై ఇనుముకు అంటుకుంటుంది. కావలసిన తీపిని పైన చల్లుకోవచ్చు. బీట్ దుంపల నుంచి చేసే, చేతికి తడిగా తగిలే ‘వెర్జ్వాజ్’ అనే గోధుమరంగు చక్కెర ఈ ప్రాంతంలో ప్రతి అంగడిలోనూ దొరుకుతుంది, వేడి వాఫుల్ గళ్ళలో అది కరిగినప్పటి రుచికి మరేదీ సాటి రాదు.

కొన్న కొత్తలో, ఈ పెనానికి ఏ పిండీ అంటుకోదని స్నేహితులందరికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. రెండు పలకలనూ విడివిడిగా మంట చూపి బాగా కాల్చి, నూనె పట్టించిన తరువాతే అది నిజం. అప్పుడు కూడా మొదటి వాఫుల్ మీద ఆశ పెట్టుకోకూడదు. ఈ సంగతి నాకు నేర్పింది మా అమ్మ. గులాబీ పువ్వుల అచ్చును కాగిన నూనెలో ఉంచి వేడెక్కించకుండా పిండిలో ముంచితే పువ్వు అచ్చును వదలదని ఆవిడకు చిన్ననాటి నుంచీ తెలుసు. పలకలకు వెన్నకు బదులు నెయ్యి రాయమన్నదీ ఆవిడే. వెన్నలోని పాల పదార్థం మాడి గళ్ళలో నల్లగా పేరుకుంటుంది, నెయ్యిలో అది ఉండదు కాబట్టి ఆ చిక్కు లేదు.

రెండేళ్ల క్రితం, ఫిబ్రవరి 2న వచ్చే షాందెలూర్ పండుగనాడు, ఇంటికి వచ్చిన స్నేహితురాలు సాయం చేయాలనే మంచి ఉద్దేశంతో ఈ పెనాన్ని గిన్నెలు కడిగే యంత్రంలో పెట్టింది. ఉదయం తీసి చూస్తే ఏళ్ల తరబడి నూనె కాలి ఏర్పడిన నల్లని పొర పోయి, పలకలు బూడిదరంగుకు తిరిగి, ప్రతి గడి మూలలోనూ తుప్పు కనిపించింది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది, కీలు బిగుసుకుపోయి పెనం తిరగకపోవడం. గళ్ళలోకి పీచు చేరదు కనుక రాళ్ళ ఉప్పు, నూనె వేసి చిన్న బ్రష్‌తో ఒక్కొక్క గడినీ రుద్దాను. పిడులు చెక్కవి కావడంతో ఓవెన్‌లో పెట్టే వీలు లేక, పలుచగా నూనె రాయడం, పొగ వచ్చేదాకా మంట మీద కాల్చడం, చల్లార్చడం, మళ్ళీ రాయడం, ఇలా మూడు సాయంత్రాలు గడిచాయి. మొదట వాడిన అవిసె నూనె పొర పెచ్చులుగా ఊడిపోయింది. పొద్దుతిరుగుడు నూనె నిలిచింది. కీలులో రోజూ నూనె చుక్కలు వేస్తూ కొద్దికొద్దిగా కదిపితే నాలుగవ రోజుకు తిరిగింది.

అప్పటి నుంచి కీలు కాస్త వదులుగానే ఉంది. పిండి ఎక్కువ పోస్తే తిప్పేటప్పుడు అంచు నుంచి కారి పొయ్యి మీద మాడుతుంది, అందుకని గరిటెడు పోసేచోట ముప్పాతిక గరిటెతో సరిపెట్టుకుంటున్నాను. వాఫుల్ మాత్రం మునుపటిలాగే వస్తోంది. ఆవిరి రావడం తగ్గేదాకా ఆగి తీసి, ఒకదానిపై ఒకటి పేర్చకుండా తీగల జల్లెడ మీద ఆరబెడితే పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంటుంది. లీల్ పేరుతో ప్రసిద్ధమైన, మధ్యలో వెనిలా చక్కెర ముద్ద నింపే పలుచని గోఫ్ర్‌లకు మాత్రం ఈ లోతైన గళ్ళు పనికిరావు.

ఇద్దరమే తినే ఇల్లు, గ్యాసు పొయ్యి, తీరికైన ఆదివారం ఉదయం ఉన్నాయి కాబట్టి ఇది నాకు సరిపోయింది. మణికట్టు నొప్పి ఉన్నవారికి, పిల్లలకు ఒక్కసారిగా పది చేసి పెట్టవలసినవారికి దీన్ని కొనమని చెప్పలేను. వచ్చే ఏడాది మేము మారబోయే ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉంది, దాని మీద ఈ వలయాన్ని పెట్టి పెనం తిప్పడం కుదరదు. బాల్కనీలో పెట్టుకోవడానికి ఒంటి బర్నరు గ్యాసు స్టవ్ కోసం ఇప్పటి నుంచే వెతుకుతున్నాను.