తార్నాకలో ఐదు ఆదివారాలు: ఎంటాంగిల్డ్ ఫోటాన్ల క్లాసు ఎలా ఉంది?

నాది రాయదుర్గంలో బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని. పదకొండేళ్లుగా ఎన్‌క్రిప్షన్ కీలు, అంటే సమాచారానికి తాళం వేసే రహస్య అంకెలు, చూసే టీమ్‌లో ఉన్నాను. పెద్ద క్వాంటమ్ కంప్యూటర్లు వస్తే ఈ కీల గతి ఏమిటన్న టెన్షన్‌తోనే తార్నాకలో ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ చెప్పే క్లాసులో చేరాను. ఎంటాంగిల్డ్ ఫోటాన్లతో, అంటే కొలత ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే జంట కాంతి కణాలతో, రహస్య కీ ఎలా పంచుకోవచ్చన్నదే అక్కడి పాఠం. ఐదు ఆదివారాలు, పొద్దున మూడు గంటలు, ఫీజు మూడున్నర వేలు. రాయదుర్గం నుంచి మెట్రో మారకుండా వెళ్లిపోవచ్చు.

మొత్తం థియరీయే. లేజరు, క్రిస్టల్ చూపిస్తారనుకుంటే నిరాశపడతారు. మొదటి క్లాసు జంటలు లేకుండా విడి ఫోటాన్లతోనే కీ పంచుకునే 1984 నాటి బెన్నెట్, బ్రాసార్డ్ పద్ధతితో మామూలుగానే గడిచింది. రెండోదానికే నేను పెట్టిన డబ్బు వచ్చేసింది.

సార్ లాడ్ బజార్ గాజులతో మొదలుపెట్టారు. ఒకే రంగు గాజులు రెండు డబ్బాల్లో పెట్టి, ఒకటి చార్మినార్ దగ్గర, ఒకటి సికింద్రాబాద్‌లో తెరిస్తే రంగులు కలుస్తాయి. నేను చూసిన వీడియోలన్నీ ఇక్కడే ఆగిపోయాయి. సార్ ఆగలేదు. గాజుల రంగు డబ్బాలో పెట్టినప్పుడే ఖాయమైంది కదా, జంట ఫోటాన్లను కొలిస్తే వచ్చే జవాబులు కూడా అలా ముందే ఖాయమైతే, రెండువైపులా వేర్వేరు కోణాల్లో కొలిచి కట్టే ‘ఎస్’ విలువ 2 దాటకూడదన్నారు. 1964లో భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ మొదలుపెట్టిన ఈ వాదనను 1969లో క్లాజర్, మరో ముగ్గురు ప్రయోగంలో కొలవగలిగేలా మార్చారు. ఆ క్లాజర్‌కు 2022 నోబెల్‌లో వాటా దక్కింది.

తర్వాత క్వాంటమ్ సిద్ధాంతం ప్రకారం ఎస్ ఎంత రావాలో ఆ లెక్క మా చేతే చేయించారు. ఒకవైపు 0, 45 డిగ్రీలు, రెండోవైపు 22.5, 67.5. ఒక్కో జతలో కోణాల తేడాను రెట్టింపు చేసి కొసైన్ తీయాలి. మూడు జతలకు 0.707, నాలుగోదానికి మైనస్ 0.707. మూడూ కూడి నాలుగోది తీసేస్తే 2.83. క్యాలిక్యులేటర్ మీద ఆ అంకె చూసి కాసేపు పెన్ను కింద పెట్టేశాను. గాజుల డబ్బాలతో ఏం చేసినా ఆ అంకె రాదు.

మధ్యలో ఎవరైనా ప్రతి ఫోటాన్నూ కొలిచి పంపితే జంట బంధం తెగిపోయి ఎస్ 2 దాటదు. దొంగ చెయ్యి పడిందని అలా తెలుస్తుంది. దీన్ని కీకి వాడుకోవడం 1991లో ఆర్టర్ ఎకర్ట్ ఆలోచన. కీ పంచుకునే ఇద్దరికీ చెరో మూడు కొలత కోణాలు, అంటే తొమ్మిది జతలు. అందులో రెండే కీకి, నాలుగు ఈ పరీక్షకు, మిగతా మూడు వదిలేయడమే. మా ఆఫీసులో కీని నమ్మేది దాన్ని ఛేదించే లెక్క కష్టమని. ఇక్కడ ఆ భారం కొలత మీద పడుతుంది. పదకొండేళ్ల ఉద్యోగంలో ఈ తేడా నాకెవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

లోటు చివరి క్లాసులో కనిపించింది. ఫైబర్ నష్టం బాగానే చెప్పారు: కిలోమీటరుకు 0.2 డెసిబెల్ (సిగ్నల్ తగ్గుదలకు కొలమానం) చొప్పున, ఇక్కడి నుంచి వరంగల్ దాకా 150 కిలోమీటర్ల ఫైబర్ వేస్తే వెయ్యి ఫోటాన్లలో ఒకటే చేరుతుంది. క్వాంటమ్ స్థితిని కాపీ చేయలేం కాబట్టి మధ్యలో మామూలు యాంప్లిఫైయర్ పెట్టడం కుదరదు. కానీ ఫోటాన్లను పట్టే పరికరాలైన డిటెక్టర్లను పది నిమిషాల్లో దాటేశారు. పట్టుబడని ఫోటాన్ల గురించి ఏ ఊహలూ లేకుండా ఈ ఎస్ పరీక్ష నెగ్గాలంటే ఇలాంటి జంటలకు డిటెక్టర్ సామర్థ్యం సుమారు 83 శాతం దాటాలి. నాలాంటివాళ్లు అడగడానికి వచ్చిందే దాని గురించి. జిరాక్స్ నోట్సు కూడా మసక. తీటా ఏదో, ఫై ఏదో పోల్చుకోవడం కష్టం.

ఇంటర్ లెక్కలు గుర్తున్నవాళ్లు ధైర్యంగా చేరొచ్చు. ఉద్యోగానికి సర్టిఫికెట్ కావాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. దసరా తర్వాత ఇంకో బ్యాచ్ ఉందట. డిటెక్టర్లకు ఒక పూర్తి క్లాసు పెడితే మళ్లీ ఫీజు కట్టి వస్తానని సార్‌కి చెప్పి వచ్చాను.